కాటా చీటీ

పోర్టు కాటా దగ్గర పద్నాలుగేళ్లుగా నా పని ఒకటే.
నిండు లారీ ఎక్కితే ఒక అంకె,
ఖాళీ లారీ ఎక్కితే ఒక అంకె,
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే నికరం.
చీటీ చింపి ఇస్తాను.
డ్రైవరు చూడకుండానే జేబులో కుక్కుకుంటాడు.

ఇల్లు మారదామనుకున్న రోజు నుంచి
అవే చీటీల వెనక ఇళ్లని తూస్తున్నాను.

మధురవాడ ముందు ఎక్కింది.
ఐదో అంతస్తు, రెండు పడగ్గదులు, లిఫ్టులో అద్దం.
బ్రోకరు గౌరినాయుడు బాల్కనీ తలుపు తోసి
"అదిగో సముద్రం" అన్నాడు.
మునివేళ్ల మీద లేచి
రెండు నీళ్ల ట్యాంకుల సందులోంచి చూస్తే
నీలంగా, బెత్తెడు.
ఆ బెత్తెడు కోసం అడుగుకి ఆరొందలు ఎక్కువట.
లోను ఇరవై ఏళ్లు. రిటైరయ్యాక కూడా నాలుగేళ్లు
ఆ బెత్తెడు నీలానికి బాకీ ఉంటాను.
రిజిస్ట్రేషను, ఇంటిపన్ను, నీటిపన్ను,
నెలనెలా మెయింటెనెన్సు, వాచ్‌మన్‌కి దసరా మామూలు...
చీటీ సరిపోక రెండోది చింపాను.

పెందుర్తి అవతల ఇంకోటి.
ఇంకా పంచాయతీయే, పన్ను చవక.
"కార్పొరేషన్లో కలిపేస్తే పన్ను పెరిగిపోద్ది బాబూ,
కలపకపోతే రోడ్డు రాదు" అన్నాడు ఇంటాయన,
రెండూ తన తప్పే అన్నట్టు తల గోక్కుంటూ.
బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి. జామచెట్టు ఉంది.
బస్సు గంటకొకటి, అదీ వస్తే.
రోజుకి మూడు గంటలు దారిలోనే.
ఆ గంటలు ఏ గడిలో వేయాలో తెలీక
అంచున చిన్నగా రాసుకున్నాను.

ఇప్పుడున్నది వన్‌టౌన్‌లో మేడమీద వాటా.
అద్దె ఐదున్నర వేలు, పదేళ్లలో రెండుసార్లే పెంచారు.
సైరను విన్నాక బయల్దేరినా డ్యూటీకి అందుతాను.
ఇంటిపన్ను ఇంటివాళ్లు కడతారు.
మేం కట్టేది గాలికి.
తడిగుడ్డతో తుడిచిన గంటకే కిటికీ గట్టు నల్లన,
ఉతికి ఆరేసిన చొక్కా మెడ చుట్టూ ఒక గీత.
రాత్రుళ్లు రత్నం దగ్గుతుంది.
మందుకి నెలకి పదకొండొందలు,
రసీదు ఇవ్వని పన్ను.
పగలు నేను తూచి పంపే బొగ్గేనేమో అది.

చీటీలన్నీ పరిచి
"నికరం పెందుర్తికే వస్తోంది" అన్నాను.
రత్నం మిషను ఆపలేదు. జాకెట్టు చంక కుడుతోంది.
దారం కొరికాక అంది:
"నా మిషను ఏ గడిలో ఏసేవు?"
నాకు అందలేదు.
"ఈ వీధిలో నలభై ఒక్క మంది కొలతలు నాకు నోటికొచ్చు.
సత్తెవతమ్మకి ఎడమ భుజం దిగుతాది.
జులేఖాబీకి చేతులు పొడుగుండాలి.
చర్చి ఎదురింటి మార్తమ్మ చిక్కిపోయింది,
అడక్కుండానే లోపలికి పట్టీసినాను.
పెందుర్తిలో ఎవరికి, జామచెట్టుకి కుడతానేటి?"

నవ్వబోయి దగ్గింది.
దగ్గు ఆగేదాకా ఇద్దరం ఏమీ అనలేదు.

తర్వాత తనే లేచి
కిటికీ గట్టు మసిలో వేలితో లెక్క మొదలెట్టింది.
అద్దె. మందు. నెలకి ఎన్ని జాకెట్లు. నా బస్సు గంటలు.
మధురవాడ ఊసే ఎత్తలేదు.
కూడింది, తీసింది, పక్క అంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చింది.
గీత గీసి, కింద ఏమీ వేయకుండా
"అన్నం సల్లారిపోతంది, రా" అని లోపలికి పోయింది.

గుడ్డ నా చేతిలోనే ఉంది.
రేవులో ఏదో ఓడ దించుతున్నారు.
డాల్ఫిన్ నోస్ మీది దీపం ఒక చుట్టు తిరిగి వచ్చింది.
తుడవలేదు.

పొద్దున్నకి అంకెలు కాస్త మసకబారాయి,
గీత ఇంకా తెలుస్తోంది.

ఆ రోజు మొదటి లారీ డ్రైవరు, ఎన్నడూ లేనిది,
చీటీ చదివాడు. పెన్సిల్‌తో ఏదో గీసుకున్నాడు.
"తేడా ఉంది గురూ" అన్నాడు. "మళ్లీ తూయి."

వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.
మళ్లీ తూచాను.